ఉప్పెన నేర్పిన లెక్క

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు, బడిలో తిన్న బెత్తం దెబ్బల గురించో, మధ్యాహ్నం గోలీల ఆట గురించో రాద్దామనుకున్నాను. అవి నాకంటే బాగా రాయగల మిత్రులు చాలామంది ఉన్నారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా సిమెంటు, ఇనుము, మట్టి మధ్య బతికిన సివిల్ ఇంజనీరుని. కథలు చెప్పడం రాదు. నాకు తెలిసినవి కొలతలు, వాటి వెనకున్న కారణాలు. అందుకని మన బడి చూసిన ఒక పెద్ద కష్టం గురించి, ఆ కష్టంలోంచి మన ప్రాంతం లేచి నిలబడిన తీరు గురించి రాస్తున్నాను. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చేనాటికి మన పూర్వ విద్యార్థుల సంఘం వయసు రెండేళ్ళు. సంఘం చేసిన మొదటి పెద్ద పని వార్షికోత్సవం కాదు, ఇంటింటికీ తిరిగి బియ్యం పోగుచెయ్యడం. ఈ సంగతి ఇప్పటి పిల్లలకు తెలియదు. యాభై ఏళ్ళ పండగలో అది గుర్తుచేసుకోవడం ధర్మమనిపించింది.

దివిసీమ అంటే

పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న నేలే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాలు, సముద్రం ఒడ్డున హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది, వాటికి అవతల నది నోట్లో ఎదురుమొండి దీవులు. నది వేల ఏళ్ళుగా మోసుకొచ్చి పోసిన ఒండ్రు అది. పంటకు అంతకంటే మంచి నేల దొరకదు. కానీ ఒండ్రు నేల పల్లంగా ఉంటుంది. దివిసీమలో తీరం వెంట చాలా ఊళ్ళు సముద్రమట్టానికి మనిషి నిలువెత్తు కూడా లేవు. ఒక గుట్ట లేదు, ఒక మెరక లేదు. ఆ రోజుల్లో బీదవాళ్ళవన్నీ మట్టిగోడల మీద తాటాకు కప్పిన ఇళ్ళు. ఊరికి ఒకటో రెండో డాబాలు, గుడో, చర్చో, బడో ఉంటే గట్టి కట్టడం అదే.

ఈ తీరానికి ఉప్పెన కొత్త కాదు. 1864 నవంబరు 1న బందరు మీద విరుచుకుపడిన ఉప్పెనలో సుమారు ముప్పై వేలమంది పోయారు. ఒకప్పుడు దేశదేశాల ఓడలు ఆగిన రేవు ఆ దెబ్బ నుంచి పూర్తిగా కోలుకోలేకపోయింది. కానీ నూటపదమూడేళ్ళంటే నాలుగైదు తరాలు. తాతల నాటి భయం మనవళ్ళ దాకా వచ్చేసరికి కథ అయిపోతుంది. మునిమనవళ్ళకి అదీ ఉండదు. 1977లో సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళకి గాలివాన తెలుసు, వరద తెలుసు. సముద్రమే లేచి ఊళ్ళోకి వస్తుందన్న ఊహ చాలామందికి లేదు.

ఆ శనివారం

1977 నవంబరు 19, శనివారం. దీపావళి వెళ్ళి వారం దాటింది. వరి కోతకు వచ్చింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. మా ఊరు పులిగడ్డ అక్విడెక్టుకు ఇవతల, సముద్రానికి దూరం. వారం ముందు, నవంబరు 12న, ఇంకో తుఫాను తమిళనాడులో నాగపట్నం దగ్గర తీరం దాటింది. అందుకని రేడియోలో మళ్ళీ తుఫాను అనగానే 'ఇదీ అటే పోతుందిలే' అని మా నాన్న అనడం నాకు గుర్తు. మధ్యాహ్నానికి గాలి మారింది. సాయంత్రానికి పశువుల పాక కప్పు లేచిపోయింది. నాన్న గేదెల పలుపులు కోసి వదిలేశారు. రాత్రంతా మేము, పక్కింటివాళ్ళు, పాలేరు కుటుంబం కలిసి ఒకే గదిలో తలుపుకి వీపులు ఆనించి కూర్చున్నాం. ఆ గాలి చప్పుడు ఎలా ఉంటుందంటే, రైలు మీద నుంచి వెళుతూనే ఉన్నట్టు, అది ఎప్పటికీ అయిపోనట్టు.

తెల్లారాక మాకు కనిపించింది కూలిన చెట్లు, పడుకున్న వరి. మా ఊళ్ళో ప్రాణనష్టం లేదు. మేము అదే పెద్ద విపత్తు అనుకున్నాం. అవతల ఏం జరిగిందో రెండోరోజుకి గాని తెలియలేదు. కరెంటు స్తంభాలు, టెలిఫోను తీగలు, రోడ్లు అన్నీ పోయాయి. మూడోరోజు నుంచి మనుషులు రావడం మొదలైంది. ఒంటిమీద గుడ్డ సరిగ్గా లేకుండా, అడిగినదానికి జవాబు చెప్పకుండా నడిచి వచ్చేవాళ్ళు. మా అమ్మ వీధిలో పెద్ద గుండిగ పెట్టి గంజి కాసింది. ఒకాయన గంజి తాగి, గిన్నె కడిగి బోర్లించి, 'మా ఊళ్ళో ఎవరూ లేరమ్మా' అని మామూలుగా చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మామూలుతనం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అధికారికంగా మృతుల సంఖ్య పదివేలు. పద్నాలుగు వేలు దాటిందని చెప్పే అంచనాలూ ఉన్నాయి. పశువులు లక్షల్లో పోయాయి. సొర్లగొంది వంటి ఊళ్ళలో ఏ ఇంట్లో ఎంతమంది ఉండేవారో చెప్పడానికి కూడా మనుషులు మిగలలేదు.

ఎందుకంతమంది పోయారు?

ఇంజనీరింగు చదివేటప్పుడు నేను లైబ్రరీలో వెతుక్కున్న మొదటి ప్రశ్న ఇదే. తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర. దివిసీమ అక్కడికి అరవై డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉంది. మరి దెబ్బ ఇక్కడెందుకు తగిలింది?

మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. తుఫాను భూమివైపు వస్తున్నప్పుడు దాని కుడిపక్క గాలి సముద్రం మీద నుంచి నేలమీదికి వీస్తుంది, ఎడమపక్క గాలి నేలమీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. పైగా తుఫాను నడక వేగం కుడిపక్క గాలికి తోడవుతుంది. చీరాలకు కుడిపక్క ఉన్నది దివిసీమ. అల్పపీడనం వల్ల కూడా సముద్రం కొంత లేస్తుంది. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే నీటిమట్టం సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఎంత పెద్ద తుఫానైనా ఆ లెక్కన వచ్చేది మీటరుకు అటూ ఇటూ. మిగతాదంతా గాలి తోసిన నీరు. గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలి గంటల తరబడి నీటిని తోస్తుంటే, లోతైన సముద్రమైతే ఆ నీరు అడుగునుంచి వెనక్కి పోతుంది. కృష్ణ నోటి దగ్గర సముద్రం చాలా దూరం వరకు లోతు తక్కువ. నది పోసిన మట్టే దానికి కారణం. వెనక్కి పోయే దారిలేని నీరు పైకి లేచింది. సుమారు ఐదు మీటర్లు. దాని మీద మళ్ళీ అలలు. అడ్డుకునే మెరక లేక పది కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చేసింది. మనకు తిండి పెట్టిన ఒండ్రే ఆ రాత్రి నీటిని మన మీదికి ఎత్తింది.

ఇదంతా ప్రకృతి చేసినది. మనుషులు చెయ్యాల్సింది కూడా ఉంది. హెచ్చరిక రేడియోలో వచ్చింది. కానీ రేడియో లేని ఊళ్ళు ఎన్నో. విన్నవాడికైనా ఎక్కడికి వెళ్ళాలో తెలియదు, వెళ్ళడానికి రోడ్డు లేదు, ఎక్కడానికి ఎత్తయిన కట్టడం లేదు. తుఫాను వస్తుందని చెప్పారు గాని, నీళ్ళు ఇంత ఎత్తు వస్తాయని చెప్పినవాళ్ళు లేరు. తలుపులు బిగించుకుని ఇంట్లో కూర్చోవడం గాలికి సరైన జాగ్రత్త. ఉప్పెనకు అదే ఉరి అయింది.

చేతులు కలిసిన రోజులు

తర్వాత జరిగినది కూడా చరిత్రే. సైన్యం వచ్చింది. జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న మంత్రివర్గంలో మంత్రి, దివిసీమ బిడ్డ మండలి వెంకట కృష్ణారావు ఆ నీళ్ళలో, ఆ శవాల మధ్య తిరిగి సహాయం నడిపించారు. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి ఊరూరా విరాళాలు అడిగారు. తెరమీద రాజులుగా చూసిన మనుషులు వీధిలో చెయ్యి చాపితే, చెవి కమ్మలు తీసి వేసిన ఆడవాళ్ళ గురించి మా ఇళ్ళలో ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. మదర్ థెరిసా వచ్చారు. రామకృష్ణ మిషన్, ఆర్.ఎస్.ఎస్. స్వయంసేవకులు, క్రైస్తవ సంస్థలు, విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్ళు, దేవుడి విషయంలో ఒకరి మాట ఒకరు ఒప్పుకోనివాళ్ళంతా పక్కపక్కనే శవాలు మోశారు, ఇళ్ళు కట్టారు.

మన బడికి ఆ నెలంతా సెలవు. తరగతి గదుల్లో బెంచీలు గోడకి చేర్చి కుటుంబాలను ఉంచారు. మన సంఘం పెద్దలు ఎడ్లబండి కట్టుకుని ఊళ్ళ మీద తిరిగి బియ్యం, పాత బట్టలు, కిరసనాయిలు పోగుచేశారు. మా నాన్న ఆ బండి తోలారు. నేనూ ఎక్కాను. ఒక పేద ఇల్లాలు డబ్బాలో ఉన్న బియ్యం సగం పోసి, కాసేపు ఆలోచించి మిగతా సగం కూడా పోసింది. 'మాకు రేపు కూలి ఉంది, వాళ్ళకి లేదుగా' అంది.

నేలది ఇంకో కథ. సముద్రం వెనక్కి వెళ్ళినా ఉప్పు పొలంలోనే ఉండిపోయింది. చెరువులు, బావులు చెడిపోయాయి. పొలానికి మంచినీరు పెట్టి, నిలవబెట్టి, ఉప్పు కరిగాక మురుగు కాలవలోకి వదలాలి. మళ్ళీ పెట్టాలి. ఇలా ఎన్నిసార్లో. శవాలు తీసిన చేతులతోనే రైతులు ఆ పని మొదలుపెట్టారు. ఎద్దులు లేని చోట మనుషులే కాడి పట్టారని మా నాన్న చెప్పేవారు. ఉప్పు కడిగిన నేలలో తొలి నారు పచ్చగా నిలబడ్డ రోజున గట్టు మీద కూర్చుని ఏడ్చిన రైతుని తాను చూశానని కూడా చెప్పేవారు.

తాటిచెట్టు లెక్క

నేను మన బడిలో ఆరో తరగతిలో చేరింది 1979లో. నా పక్కన కూర్చున్న కుర్రాడు దివిసీమ నుంచి వచ్చినవాడు. పేరు రాయను, అతనికిష్టం లేదు. ఉప్పెనలో అమ్మ, నాన్న, ఇద్దరు చెల్లెళ్ళు పోయారు. మేనమామ తెచ్చి ఇక్కడ చదివిస్తున్నాడు. బాగా ఆడేవాడు, బాగా నవ్వేవాడు. గాలివాన పట్టిన రోజున మాత్రం కిటికీ పక్క నుంచి లేచి గోడవైపు వచ్చి కూర్చునేవాడు. మేమెవరం ఏమీ అడిగేవాళ్ళం కాదు. అలా అడక్కూడదని మాకెవరు నేర్పారో తెలియదు.

పదో తరగతిలో లెక్కల మాస్టారు 'ఎత్తులు - దూరాలు' పాఠానికి మమ్మల్ని బడి వెనక తాటిచెట్టు దగ్గరికి తీసుకెళ్ళారు. కోణమానినికి దారం, దారానికి రాయి కట్టి చెట్టు ఎత్తు కొలవమన్నారు. కొలిచాం. అప్పుడు నా మిత్రుడు చెట్టు దగ్గరికి వెళ్ళి పైకి చూసి, 'మాస్టారూ, ఆ వేళ నీళ్ళు ఇంత ఎత్తు వచ్చాయండి' అని ఒక గంటు చూపించాడు. వాళ్ళ నాన్న అతన్ని ఇలాంటి చెట్టుకే ఎక్కించి, కండువాతో మానుకి కట్టి, చెల్లెళ్ళ కోసం దిగి వెళ్ళాడట. ఈ మాట అతని నోటి నుంచి మేము వినడం అదే మొదటిసారి.

మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత భుజం మీద చెయ్యి వేసి, 'సరే, అది కూడా కొలుద్దాం రా' అన్నారు. కొలిచాం. పదమూడున్నర అడుగులు. 'మీ ఊరి నేల సముద్రానికి ఎంత ఎత్తు?' అని అడిగారు. మూడడుగులుంటుందేమో అన్నాడు. కలిపితే పదహారున్నర. మాస్టారు నల్లబల్ల మీద ఆ అంకె రాసి, కింద గీత గీసి, 'ఇంతకంటే ఎత్తున ఒక గది ఉండి ఉంటే' అని ఆగిపోయారు. ఆ వాక్యం ఆయన పూర్తిచెయ్యలేదు. నేను ఇంజనీరు కావడానికి కారణం ఏమిటని ఎవరైనా అడిగితే ఆ సగం వాక్యమే చెబుతాను. కాలేజీ లైబ్రరీలో 'సుమారు ఐదు మీటర్లు' అన్న అంకె మొదటిసారి చూసినప్పుడు అడుగుల్లోకి మార్చుకున్నాను. పదహారుకి కాస్త ఎక్కువ. పెద్ద సంస్థల లెక్క, మా తాటిచెట్టు లెక్క ఒకటే.

1990: రెండో పరీక్ష

పదమూడేళ్ళ తర్వాత, 1990 మే 9న, దాదాపు అంతే బలమైన తుఫాను, ఈసారి సరిగ్గా కృష్ణ నోటి దగ్గరే తీరం దాటింది. గాలి అదే, నేల అదే. పోయినవాళ్ళు 967 మంది. ప్రతి ప్రాణమూ ప్రాణమే. కానీ పదివేలు ఎక్కడ, వెయ్యి లోపు ఎక్కడ?

ఆ తేడా దానంతట అది రాలేదు. 1977 తర్వాత తీరం వెంట ఎత్తు స్తంభాల మీద తుఫాను రక్షణ కేంద్రాలు కట్టారు. మచిలీపట్నంలో తుఫాన్లను కనిపెట్టే రాడార్ వచ్చింది. ఇన్సాట్ ఉపగ్రహం పైనుంచి మేఘాల ఫొటోలు పంపడమే కాక, తీర ప్రాంతపు కార్యాలయాలకు హెచ్చరికలు నేరుగా చేరవేసే ఏర్పాటుకీ ఉపయోగపడింది. అన్నిటికంటే ముఖ్యం, ఆ రోజుల్లో సుమారు ఆరున్నర లక్షలమందిని ముందుగానే ఖాళీ చేయించారు.

ఖాళీ చేయించడం అన్నది కాగితం మీద ఒక మాట. అది ఎలా జరుగుతుందో నేను చూశాను. ఆఖరి సంవత్సరం పరీక్షలు రాసి ఇంటికి వచ్చి ఉన్నాను. నా మిత్రుడు అప్పటికే తన ఊరు తిరిగి వెళ్ళి తండ్రి పొలం చేసుకుంటున్నాడు. తుఫాను ముందురోజు నేను అతని దగ్గరికి వెళితే ఇంట్లో లేడు. ఊళ్ళో టముకు వేసినా కదలని ఇళ్ళకి తిరుగుతున్నాడు. ఒక ముసలమ్మ గేదెను వదిలి రానంటోంది. 'నా గేదె పోతే నేను బతికి ఏం చెయ్యను?' అంటోంది. ఇతను గుంజ దగ్గర కూర్చుని, నెమ్మదిగా, 'మామ్మా, మా నాన్న కూడా ఒక్క నిమిషంలో వస్తానని దిగాడు' అన్నాడు. అంతే. ఆవిడ లేచి పలుపు విప్పేసి, గేదె వీపు మీద చరిచి తోలేసి, సంచి పట్టుకుని బయలుదేరింది. 1977లో పోయినవాళ్ళు 1990లో ఎంతమందిని కాపాడారో ఏ రికార్డులోనూ ఉండదు.

లెక్క తప్పిన చోట్లు

అయితే దారి సాఫీగా సాగిందని చెబితే అబద్ధమవుతుంది. 1996 నవంబరు 6న కోనసీమ తుఫాను వెయ్యిమందికి పైగా పొట్టన పెట్టుకుంది. వాళ్ళలో సముద్రం మీదికి వేటకు వెళ్ళిన మత్స్యకారులు ఎందరో. ఒడ్డున ఉన్నవాడికి చేరే హెచ్చరిక పడవలో ఉన్నవాడికి చేరకపోతే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. ప్రతి విపత్తూ పాత పాఠంలో ఒక ఖాళీ చూపించింది.

2011లో ప్రపంచబ్యాంకు సాయంతో ఆంధ్రప్రదేశ్, ఒడిశాల్లో జాతీయ తుఫాను ముప్పు తగ్గింపు పథకం మొదలైంది. రక్షణ కేంద్రాలు, వాటికి చేరే రోడ్లు, వంతెనలు, కరకట్టలు. అలాంటి కేంద్రాల కట్టుబడిలో నేనూ కొన్నేళ్ళు పనిచేశాను. చూడటానికి అది సాధారణమైన కట్టడం. కింది అంతస్తు గోడల్లేకుండా వదిలేస్తాం, ఉప్పెన నీరు అడ్డు లేకుండా స్తంభాల మధ్య నుంచి పోవడానికి. పైన గది నేల ఎంత ఎత్తులో ఉండాలో నిర్ణయించేది ఆ ఊరికి రాగల నీటిమట్టం. ముసలివాళ్ళకి, నడవలేనివాళ్ళకి మెట్లు కాకుండా ఏటవాలు దారి కావాలి. ఆడవాళ్ళకి విడిగా గది, మరుగుదొడ్డి కావాలి. అవి లేవని రాకుండా ఇంట్లో ఉండిపోయినవాళ్ళు ఉన్నారు. మామూలు రోజుల్లో అక్కడ బడో అంగన్‌వాడీనో నడవాలి. వాడని కట్టడం పాడవుతుంది, జనానికి అలవాటు తప్పుతుంది. ఒకచోట తనిఖీకి వెళితే కేంద్రానికి తాళం. తాళంచెవి ఉన్నాయన పెళ్ళికి వెళ్ళాడు. ఎండలో రెండు గంటలు నిలబడ్డాను. అది ఎండ కాక గాలివాన అయి ఉంటే? ఆ రోజు నుంచి నేను ఎక్కడికి వెళ్ళినా కాంక్రీటు బలం కంటే ముందు 'తాళంచెవి ఎవరి దగ్గర?' అని అడుగుతాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ నగరాన్ని చీల్చి చెండాడినా మన రాష్ట్రంలో మరణాలు పదుల్లోనే ఆగాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర, అంటే 1977 తుఫాను దాటిన చోటికి దగ్గరలోనే తీరం దాటింది. అది 1977 దానికంటే చాలా బలహీనమైనది కాబట్టి రెంటినీ పోల్చి మురిసిపోకూడదు. కానీ ఆ రోజు తీరం వెంట బస్సులు సిద్ధంగా ఉండటం, ఫోనుల్లో హెచ్చరికలు మోగడం, కేంద్రాల్లో పొయ్యిలు వెలగడం చూసినప్పుడు, మాస్టారి సగం వాక్యం కొంచెం కొంచెంగా పూర్తవుతోందనిపించింది.

మళ్ళీ లేవడం

ఈ వ్యాసం ఇప్పుడే ఎందుకు రాశానో కూడా చెప్పాలి. 2021 మే నెలలో కరోనా రెండో దశలో మా అన్నయ్య పోయాడు. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు. చివరి చూపు కూడా సరిగా దక్కలేదు. నేను కూడా ఆ జబ్బుతోనే మంచాన ఉన్నాను. కోలుకున్నాక ఒళ్ళు లేచింది గాని మనసు లేవలేదు. ఉద్యోగం మానేద్దామనుకున్నాను. ఎవరు ఫోన్ చేసినా 'ధైర్యంగా ఉండు' అనేవారు. ధైర్యం ఎక్కడ దొరుకుతుందో ఒక్కరూ చెప్పలేదు.

లాక్‌డౌన్ సడలించగానే నా మిత్రుడు వచ్చాడు. నాగాయలంక నుంచి బస్సు మీద, చేతిలో బియ్యం సంచితో. మూడు రోజులు ఉన్నాడు. ఓదార్పు మాట ఒక్కటీ చెప్పలేదు. పొద్దున్నే లేపేవాడు. ఇద్దరం నడిచేవాళ్ళం. రెండోరోజు నేనే అడిగాను, 'నువ్వెలా తట్టుకున్నావురా అప్పుడు?' అని. చాలాసేపు ఆలోచించి అన్నాడు: 'తట్టుకోలేదురా. మా మామయ్య పొద్దున్నే గేదెలకి నీళ్ళు పెట్టమనేవాడు. పెట్టేవాణ్ణి. తర్వాత బడికి పొమ్మనేవాడు. పోయేవాణ్ణి. అలా అలా పదేళ్ళు గడిచాక చూసుకుంటే నవ్వుతున్నాను.' వెళ్ళేముందు, 'ఏదో ఒక ఊళ్ళో నువ్వు కట్టాల్సింది ఇంకా ఉందిగా, పో' అన్నాడు. తర్వాతి సోమవారం పనికి వెళ్ళాను.

దివిసీమ కోలుకున్న తీరు కూడా ఇదేనని ఇప్పుడు నాకు అర్థమవుతోంది. ఆశ ముందు వచ్చి పని తర్వాత మొదలవలేదు. పొలం ఉప్పు కడిగారు, నారు పోశారు, అనాథలైన పిల్లల్ని మేనమామలు బడికి పంపారు, ఎవరో స్తంభాల మీద గది కట్టారు, ఇంకెవరో టముకు వేశారు. ఆశ వీటి వెనకాలే నడిచి వచ్చింది. పోయినవాళ్ళని మరిచిపోయి కాదు, వాళ్ళు చూపించిన నీటిమట్టాన్ని గుర్తుపెట్టుకుని దానికంటే ఎత్తున నేల వేసుకోవడం వల్ల.

ఏటా నవంబరు 19న దివిసీమలో స్మారక స్థూపం దగ్గర పూలు పెడతారు. పెట్టేవాళ్ళ తలలు ఏటేటా నెరుస్తున్నాయి. 1864 నుంచి 1977కి వచ్చేసరికి మనం మరిచిపోయాం. 1977ను మన మనవళ్ళు మరిచిపోకుండా చూడటం మన తరం బాధ్యత.

స్వర్ణోత్సవ సందర్భంగా సంఘానికి నాదొక చిన్న విన్నపం. మన తాటిచెట్టు ఇంకా ఉంది. దాని మానుకి పదమూడున్నర అడుగుల ఎత్తున ఒక తెల్ల గీత గీయిద్దాం. పక్కన తేదీ రాయిద్దాం. ఏటా పదో తరగతి పిల్లల చేత 'ఎత్తులు - దూరాలు' పాఠంలో ఆ గీత ఎత్తు కొలిపిద్దాం. మన బడి కొత్త భవనం మేడమీది గది తాళంచెవులు మూడు చేయించి, ముగ్గురి దగ్గర ఉంచుదాం. గీతకయ్యే సున్నం, తాళంచెవుల ఖర్చు నాది. నా మిత్రుణ్ణి అడిగాను. తన పేరు వద్దన్నాడు గాని, గీత గీసే రోజున నిచ్చెన పట్టుకోవడానికి వస్తానన్నాడు.